మన ఇంటి పైకప్పు: గడ్డి, రేకు, శ్లాబు

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. ఈ రెండు పనులలో మనిషి తెలివీ ఓపికా డబ్బూ అన్నీ బయటపడతాయి. పెళ్ళి సంగతి మన పత్రికలో తరచుగా వస్తూనే ఉంటుంది. ఇంటి సంగతి, అందులోనూ ఇంటి పైకప్పు సంగతి, ఎవరూ వ్రాయరు. మారిషస్ వంటి తుపానుల ద్వీపంలో కాపురముంటూ కప్పును గురించి ఆలోచించకుండా ఉండటం మంచిది కాదు.

ఈ వ్యాసం వ్రాయటానికి ఒక కారణముంది. మన సాయంకాలపు తెలుగు తరగతిలో ఒకప్పుడు చదువుకొన్న కుర్రవాడొకడు మొన్న నా దగ్గరకు వచ్చాడు. తాతగారి నాటి ఇల్లు అతని వాటాకు వచ్చింది. దాని కప్పు పాత ఆస్బెస్టాస్ రేకులు. తల్లి ఆ ఇంట్లోనే ఉన్నది. “గురువుగారూ, ఆదివారం నాడు నలుగురు స్నేహితులం కలిసి సుత్తులతో ఆ రేకులు పగలగొట్టేస్తాము. శ్లాబుకు డబ్బు చాలదు. ప్రస్తుతానికి ఇనుప రేకులు వేసుకొంటే సరిపోతుందా?” అని అడిగాడు. ముందు ఆ ఆదివారం పని ఆపమన్నాను. ఎందుకు ఆపమన్నానో, తరువాత ఏమి చెప్పానో ఇక్కడ వివరిస్తున్నాను. ఇటువంటి ఇళ్ళు మనలో ఇంకా చాలామందికి ఉన్నవి.

పూర్వులు కప్పుకొన్నది

మన పూర్వులు ఓడలెక్కి వచ్చింది తుపానులకు అలవాటైన తీరం నుండే. ఈ దేశంలో మనవారిని చాలాకాలం ‘కొరంగీలు’ అని పిలిచారు. ఆ పేరు గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు నుండి వచ్చింది. ఆ కోరంగి 1839 నవంబరులో ఒక మహా తుపానుకు, సముద్రపు ఉప్పెనకు నాశనమయింది. కలకత్తాలో ఉండి ఇటువంటి తుపానులను పరిశోధించిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయనే ‘సైక్లోన్’ అనే మాటను పుట్టించాడు. 1848లో అచ్చయిన నావికుల గ్రంథంలో ఆ మాట కనిపిస్తుంది.

ఆ తీరపు పల్లెలలో ‘చుట్టిల్లు’ అని ఒక రకపు ఇల్లు ఉండేది. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తుంది. గుండ్రని మట్టిగోడ, దానిమీద శంఖువులాగ నిలిచిన తాటాకు కప్పు, నేలకు దగ్గరగా వంగిన చూరు, లోపలికి పోవాలంటే తల వంచవలసినంత చిన్న వాకిలి. దాని నిర్మాణంలో ఎంతో తెలివి ఉన్నది. గుండ్రని గోడకు గాలి తగలటానికి మూల ఉండదు. కనుక గాలి చుట్టూ జారిపోతుంది. చూరు కిందికి ఉండటంచేత గాలి కప్పు కిందికి దూరదు.

చెరకు తోటల కాంపులలో మనవాళ్ళకు దొరికింది అటువంటి ఇల్లు కాదు. కర్రల మీద చెరకు ఆకో వట్టివేళ్ళ గడ్డో కప్పిన గుడిసెలు. క్రియోల్‌లో ‘లాకాజ్ లాపాయ్’ అంటాము. ఎండకు చల్లగా ఉండేవి, ఖర్చు తక్కువ. కాని గడ్డి కుళ్ళిపోతుంది, కొన్నేళ్ళకొకసారి మార్చాలి. పొయ్యి నుండి ఒక్క నిప్పురవ్వ ఎగిరితే మొత్తం పోయినట్లే. తుపాను వచ్చిందంటే ఆ కప్పు నిలిచేది కాదు. నేడు గడ్డి కప్పు సముద్రపు ఒడ్డున హోటళ్ళ పందిళ్ళకు అలంకారంగా మిగిలింది.

గాలి కప్పును ఎట్లా లేపుతుంది?

గాలి కప్పును పైనుండి నొక్కి విరగగొడుతుందని చాలామంది అనుకొంటారు. నిజానికి జరిగేది దానికి విరుద్ధం. గాలి కప్పును పైకి లాగుతుంది. వేగంగా పోయే గాలి కప్పు అంచు మీదుగా దాటేటప్పుడు పైన ఒత్తిడి తగ్గిపోతుంది. లోపల ఒత్తిడి ఎప్పటివలెనే ఉంటుంది. అప్పుడు కప్పు మూత వలె పైకి లేస్తుంది. దీనికి తోడు గాలి వైపున ఉన్న కిటికీ ఒకటి పగిలిందా, లోపలికి చొరబడిన గాలి కప్పును కింద నుండి కూడా నెడుతుంది. అందుకే తుపానులో ముందు కిటికీ పోతుంది, వెంటనే కప్పు పోతుంది.

ఈ బలం ఎంతో లెక్క వేయవచ్చు. గంటకు 120 కిలోమీటర్ల గాలి ఒక చదరపు మీటరు మీద సుమారు 70 కిలోల బరువంత బలం చూపుతుంది. 250 కిలోమీటర్ల గాలి అయితే సుమారు 300 కిలోలు. గాలి వేగం రెండింతలైతే బలం నాలుగింతలవుతుందని బడిలో పిల్లలకు చెప్పే సూత్రం ఇదే. కప్పు అంచుల దగ్గర, మూలల దగ్గర ఈ లాగుడు ఇంకా ఎక్కువ. కనుకనే రేకులు ముందుగా మూల నుండి లేస్తాయి.

ఈ లెక్కను మనసులో పెట్టుకొని రెండు కప్పుల బరువు చూడండి. ముడతల ఇనుప రేకు చదరపు మీటరుకు 4, 5 కిలోలు మాత్రమే తూగుతుంది. 12 నుండి 15 సెంటీమీటర్ల మందమున్న కాంక్రీటు శ్లాబు అదే చోటుకు 300 నుండి 375 కిలోలు. అంటే 250 కిలోమీటర్ల గాలి లాగుడుకు శ్లాబు తన బరువుతోనే దాదాపు ఎదురు నిలుస్తుంది. పైగా చువ్వలతో స్తంభాలకు కట్టి ఉంటుంది. రేకుకు బరువు సహాయం లేదు. దానిని నిలిపేది మేకు, మర, కట్టు, వాసం మాత్రమే.

రేకుల కప్పు

నా చిన్నతనంలో మా ఇల్లు రేకులదే. ఇక్కడ ‘టోల్’ అంటాము. 1975 ఫిబ్రవరి 6న గెర్వేజ్ తుపాను వచ్చినప్పుడు గాలి జోరు గంటకు సుమారు 280 కిలోమీటర్లు చేరింది. మా నాయన కప్పు మీద బండరాళ్ళు పెట్టాడు, తాళ్ళు కట్టాడు. మా అవ్వ పిల్లలనందరినీ మంచం కిందికి తోసి రామనామం చెప్పించింది. మొదట ఒక మూల రేకు టపటప కొట్టుకోవటం మొదలుపెట్టింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ జ్ఞాపకమే. తరువాత ఒకదాని వెంట ఒకటిగా పోయాయి. తెల్లవారి చూస్తే మా రేకులు చెరకు తోటలో మడతలు పడి ఉన్నవి. రాళ్ళు మాత్రం ఇంటి మధ్యలో పడి ఉన్నవి. దేవుని దయవల్ల అవి ఎవరి నెత్తినా పడలేదు.

ఆ రాత్రి నేర్పిన మొదటి పాఠం: కప్పు మీద రాళ్ళు పెట్టకూడదు. ఒక్కొక్క రాయి పది ఇరవై కిలోలుంటుంది. గాలి అడిగేది చదరపు మీటరుకు వందల కిలోలు. రాళ్ళు కప్పును ఆపలేవు, మనుషులను మాత్రం చంపగలవు.

అట్లాగని రేకులు పనికిరావని అనను. సరిగా కడితే రేకుల ఇల్లు తుపానును తట్టుకొంటుంది. కట్టవలసిన పద్ధతి ఇది.

మొదటిది, ఆకారము. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వాలుల కప్పు మేలు. వాలు 25 నుండి 30 డిగ్రీలు ఉంటే గాలి లాగుడు తగ్గుతుంది. మరీ చదునుగా ఉన్న రేకుల కప్పు చెడ్డది.

రెండవది, చూరు. చూరు బయటికి పొడుగ్గా ఉంటే నీడ బాగుంటుంది, కాని గాలికి అది పిడి వంటిది. పొట్టిగా ఉంచుకోవాలి. వరండా కావాలంటే దాని కప్పును అసలు ఇంటి కప్పుతో కలపకుండా వేరుగా కట్టుకోవాలి. అప్పుడు గాలి వరండాను పట్టుకుపోయినా ఇల్లు మిగులుతుంది.

మూడవది, కట్టు. ఇది అన్నిటికంటె ముఖ్యము. రేకు అడ్డపట్టీకి, అడ్డపట్టీ వాసానికి, వాసం గోడ మీది కాంక్రీటు దూలానికి, ఆ దూలం పునాదికి, ఇట్లా ఒక గొలుసు కావాలి. గొలుసులో ఒక్క లింకు బలహీనమైతే తక్కిన బలమంతా వ్యర్థమే. వాసాన్ని మేకులతో మాత్రమే కొట్టి వదలకూడదు. ఇనుప పట్టీతో చుట్టి దూలానికి బిగించాలి. రేకుకు మామూలు మేకులు కాక, వాషరున్న మరలు వాడాలి. ముడతల రేకులో మర పల్లంలో కాక ఉబ్బు మీద బిగించాలి. పల్లంలో బిగిస్తే ఆ రంధ్రం నుండి నీరు కారుతుంది. అంచుల వద్ద, కొప్పు వద్ద, మూలల వద్ద మరలు దగ్గర దగ్గరగా ఉండాలి.

నాలుగవది, తుప్పు. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో రేకు కంటె ముందు మర తల తుప్పు పడుతుంది. రేకు బాగానే ఉన్నదని మనం నిద్రపోతాము. ఏటా నవంబరు రాకముందే నిచ్చెన వేసి మరలు చూసుకోవాలి. మనకు తుపానుల కాలం నవంబరు నుండి మే నెల మధ్య వరకు.

ఇక రేకుల ఇంట్లో వేడి, చప్పుడు ఉండనే ఉన్నవి. మా తెలుగు తరగతి చాలా ఏళ్ళు రేకుల షెడ్డులో జరిగింది. వాన మొదలైతే పద్యం చెప్పేవారికీ వినేవారికీ మధ్య ఒక్క అక్షరం చేరేది కాదు. అందరం పుస్తకాలు మూసి వాన వెలిసేదాకా కూర్చునేవాళ్ళం. రేకు కింద దూది వంటి వేడినాపే పదార్థం పరచి చెక్క సీలింగు వేస్తే ఈ రెండు బాధలూ చాలావరకు తగ్గుతాయి.

శ్లాబు

1960 మన దేశపు ఇళ్ళ చరిత్రను మార్చిన సంవత్సరం. జనవరిలో ఆలిక్స్, ఫిబ్రవరి చివర కరోల్, వరుసగా రెండు తుపానులు వచ్చాయి. కరోల్ గాలి జోరు గంటకు సుమారు 256 కిలోమీటర్లు. వేలకొద్ది ఇళ్ళు కూలిపోయాయి. అప్పటికి నేను పుట్టలేదు గాని, మా ఇంట్లో ‘కరోల్ ముందు’, ‘కరోల్ తరువాత’ అని కాలాన్ని లెక్కపెట్టేవారు. ఆ తరువాతనే జనం కాంక్రీటు వైపు తిరిగారు. నేడు ఈ దేశంలో ఎక్కువ ఇళ్ళు కాంక్రీటువే. 1994లో హొల్లాండా, 2002లో దినా వచ్చినప్పుడు తోటలు, తీగలు, స్తంభాలు ఎంతో నష్టపోయినా శ్లాబు కింద ఉన్నవారు ప్రాణభయం లేకుండా గడిపారు.

శ్లాబు పోసే రోజును ‘కులే దాల్’ అంటాము. అది మనకు పండుగవంటిది. తెల్లవారకముందే అన్నదమ్ములు, బావమరదులు, ఇరుగుపొరుగు వస్తారు. ఆడవాళ్ళు పెద్ద గిన్నెలు పొయ్యి మీద పెడతారు. మతము, కులము, భాష అడిగేవాడు లేడు. నేడు యంత్రాలు, పంపులు వచ్చినా ఆ భోజనం మాత్రం మానలేదు. ఈ ఆచారం నిలవాలి. అయితే పండుగ సంతోషంలో కొన్ని తప్పులు జరుగుతుంటాయి. వాటిని చెప్పక తప్పదు.

ఒకటి, నీళ్ళు ఎక్కువ పోయటం. కాంక్రీటు పలుచగా ఉంటే తట్ట మోయటానికి, పరచటానికి సులువు. కాని అధికంగా పోసిన నీరు ఆవిరైపోయి లోపల సన్నని రంధ్రాలు మిగులుస్తుంది. శ్లాబు బలం తగ్గుతుంది, చెమ్మ దిగుతుంది.

రెండు, పోసిన తరువాత నీళ్ళు పట్టకపోవటం. కలిపేటప్పుడు నీరు ఎక్కువ కాకూడదు, గట్టిపడిన తరువాత తక్కువ కాకూడదు. కనీసం ఏడు రోజులు పైన తడి ఆరనివ్వరాదు. మన ఎండకు గోనెలు పరచి తడపటం మంచిది.

మూడు, తొందర. కాంక్రీటు పూర్తి బలానికి 28 రోజులను లెక్కగా తీసుకొంటారు. అంతకుముందే కింది పోట్లు తీసివేయాలని తొందరపడితే శ్లాబు మధ్యలో వంగుతుంది. నా స్వంత ఇంటికి శ్లాబు పోయించిన మేస్త్రీ వేరొక పనికి పోట్లు కావాలని పదవ రోజునే తీసుకుపోయాడు. నేను బడిలో ఉన్నాను. ఆ శ్లాబు మధ్యలో సన్నని బీట ఒకటి నేటికీ ఉన్నది. ప్రతి వేసవి వానలకు దాని కింద ఒక గిన్నె పెడుతున్నాము.

నాలుగు, ఇసుక. పూర్వం ఇక్కడ సముద్రపు ఇసుకనే వాడేవారు. సరిగా కడగకపోతే దానిలోని ఉప్పు కాంక్రీటులోని చువ్వలను తినేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి పైనున్న కాంక్రీటును పగలగొడుతుంది. పాత ఇళ్ళలో సీలింగు నుండి పెచ్చులు ఊడి ఎర్రని చువ్వలు కనబడటానికి ఇది ఒక ముఖ్య కారణము. లగూన్‌ల నుండి ఇసుక తీయటాన్ని 2001లో నిలిపివేశారు. ఇప్పుడు నల్లరాతిని పిండి చేసిన ఇసుకే వాడుతున్నాము. పాత శ్లాబు మీద ఇంకొక అంతస్తు వేయదలచినవారు పెచ్చులు ఊడుతున్నాయేమో ముందు ఇంజనీరుకు చూపించాలి. పెచ్చుల మీద గచ్చు పూసి సున్నం కొడితే రోగం పోదు, కనిపించకుండా పోతుంది, అంతే.

అయిదు, పైకి వదిలిన చువ్వలు. పిల్లలు పెరిగితే మేడ వేసుకోవచ్చునని స్తంభాల చువ్వలను శ్లాబు పైన నిలబెట్టి వదలటం మన వాడుక. మా తరం తల్లిదండ్రుల ఆశ అంతా ఆ చువ్వలలోనే ఉంటుంది! కాని వానలో ఇరవై ఏళ్ళు తడిసిన చువ్వ మేడను మోయదు. తుప్పు లోపలికి కూడా దిగుతుంది. వాటికి పలుచని కాంక్రీటు తొడుగైనా వేసి ఉంచాలి.

ఆరు, నీరు నిలవటం. శ్లాబు చదునుగా కనబడినా దానికి కొంచెం వాలు ఉండాలి. మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్లు చాలును. మధ్య పీఠభూమిలో ఏటా 4,000 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది, పడమటి తీరాన 900 మాత్రమే. కనుక క్యూర్‌పిప్ వైపు వారికి గాలి ఎంతో నీరు కూడా అంతే శత్రువు. ఒక్కరోజులో 100 మిల్లీమీటర్లు పడితే 100 చదరపు మీటర్ల కప్పు మీద 10,000 లీటర్ల నీరు పడుతుంది. తూముకు మామిడాకు అడ్డుపడితే ఆ నీరంతా ఎక్కడికి పోతుంది? నీరు దిగకుండా పైన వేసే తారు పొర పదిపదిహేనేళ్ళకు పాతబడుతుంది. దాని ఖర్చును ఇల్లు కట్టేనాడే లెక్కలో వేసుకోవాలి.

శ్లాబుకు ఇంకొక దోషం వేడి. పగలంతా ఎండను దాచుకొని రాత్రి మన మీద వదులుతుంది. పైన తెల్లని రంగు వేయటం అన్నిటికంటె చవక ఉపాయము. నీళ్ళ ట్యాంకు పెట్టదలచినవారు అది గది నడిమిన కాక దూలం మీద, స్తంభం దగ్గర ఉండేటట్లు చూడాలి. వెయ్యి లీటర్ల ట్యాంకు వెయ్యి కిలోల బరువు.

ఆస్బెస్టాస్

1960 తుపానుల తరువాత నిరాశ్రయులైన కుటుంబాల కోసం సెంట్రల్ హౌసింగ్ అథారిటీ కాలనీలు కట్టింది. వాటిని ‘సితే’లు అంటాము. ఆ దశకంలో కట్టిన అటువంటి ఇళ్ళలో అనేకం ఆస్బెస్టాస్ కలిసిన సిమెంటు రేకులవి. ‘లాకాజ్ అమియాంత్’ అని పేరు. ఆనాటికి అది దోషం కాదు. చవకగా, త్వరగా, నిప్పు అంటని ఇల్లు కావలసి వచ్చింది. అయితే ఆస్బెస్టాస్ కంటికి కనబడని నూలుపోగుల వంటి రాయి. ఆ పోగులు ఊపిరితిత్తులలో చేరితే బయటికి రావు. ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళ తరువాత కాన్సరుగా బయటపడవచ్చు.

గట్టిగా, పగలకుండా ఉన్న రేకు తనంతట తానుగా పెద్ద అపాయం చేయదు. దానిని కోసినప్పుడు, తొలిచినప్పుడు, గీకినప్పుడు, పగలగొట్టినప్పుడు పోగులు గాలిలోకి లేస్తాయి. నా శిష్యుడు ఆదివారం చేయబోయినది సరిగ్గా అదే! నలుగురు కుర్రవాళ్ళు, నాలుగు సుత్తులు, ఒక్క పూట. ఆ ధూళి వారి బట్టలతో వారి ఇళ్ళకు, వారి పిల్లల దగ్గరకు పోయేది.

కనుక అటువంటి కప్పు ఉన్నవారు దానికి రంధ్రాలు చేయవద్దు. నాచు పట్టిందని బ్రష్షుతో రుద్దవద్దు, పైపు నీటి జోరుతో కడగవద్దు. విరిగిన ముక్కలను పెరటిలో పరచవద్దు, కోళ్ళ గూటికి వాడవద్దు. తీయవలసి వచ్చినప్పుడు ఆ పని తెలిసినవారిచేత, రేకును తడిపి, పగలగొట్టకుండా మర విప్పి, పూర్తి రేకుగా దింపించి, ప్లాస్టిక్‌లో చుట్టి, అధికారులు చెప్పిన చోటికి పంపాలి. ముందుగా ప్రభుత్వ ఆరోగ్య, పర్యావరణ శాఖలను అడగటం మన విధి.

అయితే ఏది మంచిది?

నా శిష్యునికి చెప్పిన మాటే మీకూ చెబుతున్నాను. శక్తి ఉంటే శ్లాబు. శక్తి చాలకపోతే ఇల్లంతటికీ సగం సగం పని చేయకుండా, ముందు ఒక్క గదికి శ్లాబు పోసుకోండి. స్నానాల గది దానికి ఆనుకొని ఉంటే ఇంకా మంచిది. మిగిలిన ఇంటికి పైన చెప్పిన పద్ధతిలో గట్టిగా కట్టిన రేకులు వేయండి. తుపాను రాత్రి ఇంటిల్లిపాదీ ఆ ఒక్క గదిలో ఉండవచ్చు. మిగిలిన గదులకు డబ్బు సమకూరినప్పుడు పోసుకోవచ్చు. అందుకు తగిన పునాది, స్తంభాలు మొదటే వేయించండి. తక్కువ ఆదాయం గల కుటుంబాలు శ్లాబు పోసుకోవటానికి నేషనల్ హౌసింగ్ డెవలప్‌మెంట్ కంపెనీ ద్వారా ప్రభుత్వ సహాయ పథకం ఉన్నది. అర్హతలు మారుతూ ఉంటాయి కనుక స్వయంగా వెళ్ళి అడగండి. సిగ్గుపడవలసిన పని లేదు.

ఆ కుర్రవాని తల్లి ఇప్పుడు అక్కగారి ఇంట్లో ఉన్నది. రేకులు ఇంకా కప్పు మీదనే ఉన్నవి. పని తెలిసినవారి కోసం ఎదురుచూస్తున్నారు. ఆలస్యమవుతున్నదని అతనికి నా మీద కొంచెం కోపం. కోపమున్నా ఫరవాలేదు, ఊపిరితిత్తులు బాగుంటే చాలు.

“వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు” అనే సామెత మన పెద్దలు ఆ తీరం నుండి తెచ్చుకొన్నదే. నేడు తుపాను రాకడ రేడియో ముందే చెబుతున్నది. కాని రేడియో చెప్పిన తరువాత కప్పుకు మరలు బిగించటానికి సమయముండదు. 2024 జనవరిలో బెలాల్ వచ్చిపోయింది. ఇంకొకటి ఏ పేరుతో వస్తుందో తెలియదు, వచ్చుట మాత్రం నిజము. ఈ వ్యాసం చదివినవారు వచ్చే ఆదివారం సుత్తి కాక నిచ్చెన తీసుకొని, ఒక్కసారి తమ ఇంటి కప్పు చూసుకొంటారని ఆశిస్తున్నాను.